దగ్గరేనమ్మా అన్నారని టిక్ పెట్టకండి

పాడేరు ఏజెన్సీలో నా మొదటి ఇంటింటి ఆరోగ్య సర్వే. "ఆస్పత్రి ఎంత దూరం?" అని ఒక పెద్దావిడను అడిగాను. "దగ్గరేనమ్మా" అంది. "దగ్గర" అన్న గడిలో టిక్ పెట్టి లేచాను. బయటికొచ్చాక ఆమె కొడుకు దారి చూపించాడు. ముందు గెడ్డ (వాగు) దాటాలి, ఆ తర్వాత గంటన్నర కొండ దిగితే రోడ్డు వస్తుంది, అక్కడ ఆటో నిండితే గానీ కదలదు. వానాకాలం అయితే డోలీయే. ఆవిడ అబద్ధం చెప్పలేదు, నాకే సరిగ్గా అడగడం చేతకాలేదు.

అందుకే దూరం అడగొద్దు, కిందటిసారి వెళ్లిన రోజు గురించి అడగండి. ఎప్పుడు బయల్దేరారు, ఎవరు తోడొచ్చారు, డాక్టరు ఎప్పుడు చూశారు? "కోడి కూసినప్పుడు బయల్దేరాం, మందులు చేతికొచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది" అంటారు. అదే మాట రాసుకోండి, గంటల లెక్క తర్వాత మీరే వేసుకోవచ్చు. రాసేటప్పుడు మూడు ఆలస్యాలు వేరు చేయండి: వెళ్దామని అనుకోవడానికి పట్టిన టైము, దారిలో పోయినది, అక్కడికి చేరాక వైద్యం అందేదాకా పట్టినది. కాన్పు మరణాల మీద 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు చేసిన విభజన ఇది. జ్వరానికైనా, పాముకాటుకైనా పనికొస్తుంది.

ఎప్పటి సంగతి అడుగుతున్నారో కూడా ముఖ్యమే. 2017-18 జాతీయ నమూనా సర్వేలో మామూలు జబ్బులకు గత 15 రోజులు, ఆస్పత్రిలో చేరినవాటికి గత 365 రోజులు తీసుకున్నారు. ఊళ్లో "15 రోజులు" అంటే ఎవరి లెక్క వాళ్లది. "రెండు సంతల కిందటి నుంచి" అనండి, ఠక్కున గుర్తొస్తుంది. ఏడాదికైతే, ఏజెన్సీలో ఏటా చేసుకునే ఇటుకల పండుగ ఉంది కదా, కిందటి పండుగ నుంచి అని అడుగుతాను. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ పలికి అడగాలి. "ఎవరికైనా జబ్బు చేసిందా?" అంటే కోడలి నడుంనొప్పి లెక్కలోకే రాదు.

"ఖర్చెంత?" అంటే "ఏం కాలేదు, ఆరోగ్యశ్రీ" అంటారు. ఆపరేషన్‌కి నిజమే కావచ్చు. ఆటో, తోడొచ్చినవాళ్ల తిండి, పోయిన కూలి, ముందు ఆరెంపీ దగ్గర వేయించుకున్న సూది ఎవరూ చెప్పరు, విడివిడిగా అడగాలి. చివర్లో "ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చారు?" అనండి. మేక అమ్మిన సంగతి అప్పుడు బయటపడుతుంది.

పీహెచ్‌సీ గేటు దగ్గర నిలబడి సర్వే చేస్తే పని తేలికే. కానీ అక్కడ దొరికేది చేరగలిగినవాళ్లే. జబ్బు చేసినా వెళ్లనివాళ్లు ఇళ్లల్లోనే ఉంటారు, వాళ్లకోసమే మనం కొండెక్కేది. "ఎందుకు వెళ్లలేదు?" అంటే తప్పు పట్టినట్టు వినిపిస్తుంది. "అప్పుడు ఏం చేశారు?" అనండి చాలు.

ఇంకొకటి. ఊరు చూపించడానికి ఆశా కార్యకర్త వస్తుంది, మంచిదే. ప్రశ్నలడిగేటప్పుడు మాత్రం ఆమె పక్కన కూర్చుంటే అందరూ "ఆశమ్మ బాగా చూసుకుంటుంది" అనే అంటారు. నేనైతే "అక్కా, తర్వాతి ఇంట్లో ఎవరున్నారో కాస్త చూసి వస్తావా?" అని పంపించేస్తాను.