చేత్తో చేసిన కత్తిని, కత్తులు సేకరించే కలెక్టర్లకి కళగా చూపించాలంటే

ముందు ఫొటో సంగతి చూసుకోండి, కలెక్టర్ మొదట చూసేది దాన్నే. పాలిష్ చేసిన బ్లేడ్ ఎదురుగా ఉన్నదంతా పట్టేస్తుంది కాబట్టి డైరెక్ట్ ఫ్లాష్ కొట్టకండి, లైట్‌కి అడ్డంగా ట్రేసింగ్ పేపర్ పెట్టి బ్లేడ్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటే ఒక యాంగిల్‌లో డమాస్కస్ గీతలు (రెండు రకాల స్టీల్ కలిపి చేసిన బ్లేడ్ మీద కనిపించే అలల్లాంటి డిజైన్) పైకి తేలతాయి, అప్పుడు తీయండి. పిడి, బ్లేడ్ కలిసే చోట సందు లేకుండా ఎంత నీట్‌గా కూర్చుందో దగ్గర్నుంచి ఇంకో ఫొటో తప్పనిసరి, తెలిసినవాళ్లు పనితనం చూసేది అక్కడే.

తర్వాత రాత. "ప్రీమియం క్వాలిటీ" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 1084, 15ఎన్20 అనే రెండు రకాల స్టీల్ కలిపి ఫోర్జ్ చేశా (కాల్చి సాగగొట్టా), ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనంలో ముంచితే మొదటిది నల్లబడింది, నికెల్ ఉన్న రెండోది మెరుస్తూ మిగిలింది అని రాయండి, డిజైన్ ఎలా పుట్టిందో కళ్లకు కట్టినట్టు ఉంటుంది. అమెరికాలో కత్తులు తయారుచేసే బిల్ మోరన్ 1973లో డమాస్కస్ కత్తులు షోలో పెట్టాకే కదా అమెరికాలో దీనిమీద మళ్లీ మోజు పెరిగింది, అలాంటి చరిత్ర తెలిసుంటే కలెక్టర్లతో మాట కలపడం చాలా ఈజీ.

ప్రతి కత్తి మీద మీ గుర్తు ఉండాలి, తోడుగా స్టీల్, పిడి మెటీరియల్, తేదీ రాసి సంతకం పెట్టిన సర్టిఫికెట్. ఏనుగు దంతం జోలికి అస్సలు పోవద్దు. అమ్ముడుపోలేదని ధర తెగ్గోయకండి, ముందు కొన్నవాళ్ల దగ్గరున్న పీసుల విలువ కూడా పడిపోతుంది.