సముద్రం దాటిన డప్పు: తోలు కాపాడుకునుడు, దరువు నేర్పుడు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి దిక్కు నుంచి అమెరికాకో ఆస్ట్రేలియాకో పోయి, బతుకమ్మ ముందు రికార్డు పాటకు బదులు డప్పే మోగాలనుకునే బృందాలకు ఇది పనికొస్తుంది.

ముందు తోలు సంగతి. మేకతోలు డప్పు వెంట తీసుకుపోతే, దిగిన చోట కస్టమ్స్‌కు తప్పక చెప్పాలి. ఆస్ట్రేలియాలో తనిఖీ మరీ గట్టిది. వెంట్రుక మిగిలిన తోలు అసలే వద్దు. ఈ నిబంధనలు ఊరికే పెట్టినవి కావు. 2006లో న్యూయార్క్‌లో, ఆఫ్రికా నుంచి తెచ్చిన పచ్చితోళ్లను డ్రమ్ముల కోసం సిద్ధం చేస్తున్న ఒక కళాకారుడికి ఆంత్రాక్స్ (పశువుల తోళ్ల నుంచి మనుషులకు అంటే ప్రమాదకరమైన జబ్బు) సోకింది. అందుకని బృందానికి తోలువి ఒకటి రెండు, మిగతావి బోల్టులతో బిగించే ఫైబర్‌వి చాలు. ఫైబర్‌ది కాచే పని లేదు గానీ, మూసిన హాల్లో పది కలిసి మోగితే చెవులు గింగురుమంటాయి. వెనకవైపు అంచు వెంట రెండు వేళ్ల వెడల్పు గుడ్డపట్టీ అంటిస్తే ఆ కరకుదనం తగ్గుతుంది.

తేమకు తోలు వదులై మోత చచ్చిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో గడ్డి మంటేసి కాచే వీలుండదు కాబట్టి హెయిర్ డ్రయ్యర్ వాడాలి. జానెడు దూరం నుంచి, లోపలివైపు, గుండ్రంగా తిప్పుతూ కాచాలి, ఒకే చోట ఆపొద్దు. నడుమ కొట్టి చూస్తూ ఉండి, ఖంగుమనగానే చాలించాలి. ఆశకొద్దీ ఇంకాస్త కాస్తే తోలు గుండు (చెక్క చట్రం) అంచు దగ్గర చిరుగుతుంది, అంటించిన చోట ఊడుతుంది. చలికాలంలో కథ తిరగబడుతుంది: హీటర్ గాలికి తోలు దానంతటదే బిగిసి పగులుతుంది. హీటర్ పక్కనా, కారు డిక్కీలోనూ పెట్టొద్దు. తేమ 40–50 శాతం ఉండే గదిలో గుడ్డసంచిలో ఉంచాలి.

కుడిచేతిలో సిర్ర (లావుపాటి పొట్టి కర్ర), ఎడమచేతిలో సిటికెన పుల్ల (సన్నటి పొడుగు పుల్ల). సిర్ర కొస పదునుగా ఉంటే తోలుకు బొక్క పడుతుంది, ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దాలి. పిల్లలు సిటికెన పుల్లను పిడికిట్లో బిగబడతారు. మణికట్టు నొప్పికి, దరువు మొద్దుబారడానికి కారణం అదే. పుల్ల తోలు మీద ఎగిరిపడాలి.

నేర్పే క్రమం విషయంలో కొరియా నుంచి వలసపోయిన వాళ్ల పద్ధతి చూడదగ్గది. జాంగు అనే డోలుకు ముందు నోటిపాఠం ఉంటుంది: రెండు చేతులూ కలిసి పడితే 'డంగ్', ఎడమది 'కుంగ్', కుడి సన్నపుల్లది 'డక్'. మనకూ 'జజ్జనకర జనారె' ఉండనే ఉంది. మొదట నోటితో అనాలి, తర్వాత తొడల మీద కొట్టాలి, తర్వాత అదే అంటూ అడుగెయ్యాలి, డప్పు ఆఖరున. మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్కుమనే పరికరం) నిమిషానికి 70 దెబ్బల దగ్గర పెట్టండి. పిల్లలు ఎట్లాగూ ఉరుకుతారు.

కుర్చీలో కూర్చోబెట్టి మాత్రం నేర్పొద్దు. 1978లో సియోల్‌లో సాముల్నోరి అనే నాలుగు వాద్యాల మేళం మొదలైనప్పుడు, పల్లెల్లో నడుస్తూ ఆడుతూ వాయించే పుంగ్‌ముల్ అనే కొరియా డోలు మేళాన్ని వేదిక మీద కూర్చొని వాయించేట్టు మలిచారు. దాంతో అది ప్రపంచమంతా పాకింది, నిజమే. కానీ కూర్చొని వాయించే వరసల్లో నడక మిగల్లేదు. నడక పోతే డప్పులో సగం పోయినట్టే.

గురువును ఊరి నుంచే పెట్టుకోండి. ఈ విద్యను తరతరాలుగా నిలిపింది మాదిగ కళాకారులు. ఊరి అభిమానం పేరు చెప్పి ఉచితంగా అడగకుండా, గంటకింత అని ముందే మాట్లాడుకోవాలి. ఎండాకాలం న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే నల్లగొండలో సాయంత్రం 6:30. జూమ్ డప్పు మోతను రొద అనుకొని కోసేస్తుంది, 'ఒరిజినల్ సౌండ్' పెట్టాలి. రెండువైపులా కలిసి వాయించడం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. గురువు వాయించాక పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వినిపించాలి.

ప్రతి దరువునూ నోటితో ఒకసారి, నిదానంగా ఒకసారి, అసలు వేగంతో ఒకసారి రికార్డు చేయించుకోండి. అది పెళ్లిదా, జాతరదా, పీర్ల పండుగదా, చావుదా గురువునే అడిగి ఫైలు పేరులోనే రాయండి. లేకపోతే పుట్టినరోజు పార్టీలో చావు దరువు మోగుతుంది, వచ్చిన పెద్దవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు.