సీటీఆర్‌ఐలో క్లినికల్ ట్రయల్ నమోదు: దరఖాస్తు విధానం, గ్రాంటుకు అది ఎలా తోడ్పడుతుంది

కొత్త మందు కావచ్చు, ఆపరేషన్‌లో కొత్త పద్ధతి కావచ్చు, ఫిజియోథెరపీ వ్యాయామం కావచ్చు, ఆయుర్వేద చూర్ణం కావచ్చు. మనుషులకు ఇచ్చి దాని ఫలితం చూడాలనుకునే అధ్యయనాన్ని, మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో నమోదు చేయాలి. వాడుకలో అందరూ దీన్ని సీటీఆర్‌ఐ అంటారు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ఆధ్వర్యంలో ఇది 2007 జులై 20న మొదలైంది. పని అంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. రుసుము ఒక్క రూపాయి కూడా లేదు. మధ్యలో ఎవరైనా డబ్బు అడిగితే అది ఫారం నింపిపెట్టినందుకు వాళ్లు తీసుకునేదే తప్ప రిజిస్ట్రీకి కట్టేది కాదు.

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం పరిధిలో ఎండీ, ఎంఎస్ చేసే పీజీల్లో చాలామంది ఈ పనిని థీసిస్ టెన్షన్‌లో, సీనియర్ పంపిన పాత ఫారం ముందు పెట్టుకుని, హడావుడిగా ముగిస్తుంటారు. దయచేసి అలా చేయకండి. ఆ ఫారంలో రాసిన వివరాలను ఎవరైనా చదవొచ్చు, నమోదయ్యాక వాటిని తీసేయడం కుదరదు. రేపు మీరు సొంతంగా గ్రాంటుకు దరఖాస్తు పెట్టినప్పుడు, సమీక్షకులు మీ పేరు కొట్టి చూడగలిగే మొదటి రికార్డు అదే కావచ్చు.

ఎవరికి వర్తిస్తుంది

దేశంలో మందులకు అనుమతులిచ్చే అధికారి, అంటే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్, అనుమతి కావాల్సిన ట్రయల్స్‌కు 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు కూడా దీన్ని ఒక షరతుగా పెట్టాయి. ఆ అనుమతి అక్కర్లేని కాలేజీ థీసిస్‌లకు, ప్రజారోగ్య అధ్యయనాలకు సైతం ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు నమోదును కోరుతున్నాయి. ప్రధాన వైద్య జర్నళ్ల సంపాదకులు 2005 నుంచే నమోదు నంబరు లేని ట్రయల్‌ను ప్రచురణకు తీసుకోవడం మానేశారు. మందు ఇవ్వకుండా పరిశీలించడంతో సరిపెట్టే అధ్యయనాలను కూడా సీటీఆర్‌ఐ స్వీకరిస్తుంది.

అన్నిటికన్నా గట్టిగా గుర్తుంచుకోవాల్సిన తేదీ 2018 ఏప్రిల్ 1. అంతకుముందు ట్రయల్ మొదలయ్యాక కూడా నమోదు చేసుకునే వీలుండేది. ఆ రోజు నుంచి అది పోయింది. ఒక్క రోగిని చేర్చుకున్నా సరే, ఆ తర్వాత తలుపు మూసుకున్నట్టే. పరిశోధనలో రోగుల హక్కులకు, భద్రతకు భంగం లేదని చూసే ఎథిక్స్ కమిటీ ఓకే అన్న రోజే కేసులు తీసుకోవడం మొదలుపెట్టి, థీసిస్ సమర్పించే ముందు నంబరు కోసం పరుగెత్తేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు చూపించడానికి దారి ఏదీ లేదు.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ఖమ్మం జిల్లాను గుర్తు చేసుకోవాలి. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఆ జిల్లాలోని 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిచింది. చాలామంది గిరిజన హాస్టళ్లలో చదువుకుంటున్నవాళ్లు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు పెట్టిన సంగతి తర్వాత బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. కొందరు బాలికల మరణాలకు టీకా కారణమని విచారణ కమిటీ తేల్చలేదు, కానీ సమ్మతి తీసుకున్న తీరులో లోపాలున్నాయని చెప్పింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ఐసీఎంఆర్‌ను కూడా వదలకుండా విమర్శించింది. తమ పిల్లల మీద ఏం జరుగుతోందో, ఎవరు డబ్బు పెడుతున్నారో, ఎవరు అనుమతించారో ఊరివాళ్లకు తెలిసే మార్గం ఉండాలి. టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. రిజిస్ట్రీ ఒక్కటే అలాంటి తప్పులన్నిటినీ ఆపలేదు. అయినా పేర్లు, బాధ్యతలు ముందే బయట పెట్టించగలదు.

ఫారం తెరవకముందు

మొదట రిజిస్ట్రీలోనే వెతకండి. దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మీరు చేయాలనుకున్న పోలికను దేశంలో ఇప్పటికే ఎంతమంది చేస్తున్నారో, ఎంత శాంపిల్‌తో, అంటే ఎంతమందిని చేర్చుకుని, చేస్తున్నారో కనిపిస్తుంది. ఒకే రెండు మందులను పోలుస్తూ చిన్న చిన్న అధ్యయనాలు ఒకదాని వెనుక ఒకటి కనబడితే, ఇంకొకటి ఎందుకో మీ దగ్గర సమాధానం ఉండాలి. ఈ వెతుకులాటకు కేటాయించిన సమయం ఊరికే పోదు. గ్రాంటు దరఖాస్తులో ఈ పరిశోధన ఎందుకు అవసరం అన్న భాగం రాసేటప్పుడు ఇదే పనికొస్తుంది.

తర్వాత ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం. కొత్త మందుల ట్రయల్ అయితే కమిటీకి కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ నమోదు ఉండాలి. బయోమెడికల్, ఆరోగ్య పరిశోధన అయితే ఆరోగ్య పరిశోధన విభాగం నైతిక్ పోర్టల్ ద్వారా ఇచ్చే నమోదు ఉండాలి. మీ కాలేజీ కమిటీ నమోదు ఇంకా అమల్లో ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. అధ్యయనం రెండు మూడు ఆసుపత్రుల్లో జరుగుతుంటే ఒక్కో చోటి అనుమతి వివరాలు విడివిడిగా ఇవ్వాలి. డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి కావాల్సినవాటికి ఆ లేఖ కూడా అప్‌లోడ్ చేయాలి. ప్రోటోకాల్‌లో, అంటే అధ్యయన ప్రణాళికలో, కమిటీ పత్రంలో, ఫారంలో అధ్యయనం పేరు అక్షరం తేడా లేకుండా ఒక్కటే ఉండేలా చూసుకోండి. దీన్ని చిన్న విషయమని వదిలేస్తే తర్వాత రోజులు వృథా అవుతాయి.

ఫారం నింపడం

వెబ్‌సైట్‌లో పేరు, సంస్థ, ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, కొత్త ట్రయల్ ఎంచుకోవాలి. ఫారం ఇంగ్లిష్‌లో ఉంటుంది, భాగాలుగా సేవ్ చేసుకుంటూ పోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన సమాచార అంశాలతో పాటు మన దేశం అదనంగా కోరేవి కూడా ఇందులో ఉన్నాయి. పీజీ థీసిసా కాదా అని ఒక ప్రశ్న ఉంటుంది. అవునైతే ప్రధాన పరిశోధకుడిగా మీ పేరు, శాస్త్రీయ సందేహాలకు సంప్రదించాల్సిన వ్యక్తిగా గైడ్ పేరు ఇవ్వడం మంచిది. కోర్సు అయ్యాక మీ మెయిల్ మారిపోయినా గైడ్ కాలేజీలోనే ఉంటారు కాబట్టి. కాలేజీయే స్పాన్సర్ అయితే అలాగే రాయండి. ఖర్చు సొంతంగా పెట్టుకుంటే అదీ దాచకుండా రాయండి.

అధ్యయనానికి రెండు పేర్లు అడుగుతారు, ఒకటి శాస్త్రీయంగా, ఒకటి మామూలు జనానికి. రెండు చోట్లా ఒకే వాక్యాన్ని పేస్ట్ చేసేవాళ్లే ఎక్కువ. సుప్రాక్లావిక్యులర్ బ్లాక్‌లో రోపివకెయిన్‌కు డెక్స్‌మెడిటోమిడిన్ కలపడం మీద మీ అధ్యయనం అనుకుందాం. జనం కోసం రాసే పేరులో, చేతి ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు ఎక్కువసేపు ఉండటానికి ఇంకో మందు కలిపి చూడటం అన్నంత తేలికగా చెప్పాలి. రోగి బంధువు చదివితే అర్థమవ్వాలి.

ఫారం మొత్తంలో నా దృష్టిలో ప్రాణమంతా ప్రైమరీ అవుట్‌కమ్, అంటే ప్రధానంగా కొలిచే ఫలితం, అనే గడిలో ఉంది. నొప్పి తగ్గడం అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఏ స్కేలుపై, ఎన్ని గంటలకు, ఎలా కొలుస్తారో రాయాలి. ఆపరేషన్ అయిన 24 గంటలకు, రోగి తన నొప్పిని గీతపై గుర్తించే వీఏఎస్ స్కేలుపై, నొప్పి స్కోరు అంటే అది అవుట్‌కమ్. పది విషయాలు కొలిచి, చివర్లో ఏది బాగా వచ్చిందో దాన్నే అసలు ప్రశ్నగా చూపించే అలవాటు వైద్య పరిశోధనకు పట్టిన పెద్ద చీడ. అమెరికాలో జాతీయ గుండె, ఊపిరితిత్తులు, రక్త సంస్థ నిధులిచ్చిన పెద్ద ట్రయల్స్‌ను 2015లో ఒక అధ్యయనం లెక్క తీసింది. 2000కు ముందు ప్రచురితమైన 30 ట్రయల్స్‌లో 17 మేలు కనిపించిందని చెప్పాయి. ముందస్తు నమోదు వచ్చాక ప్రచురితమైన 25లో అలా చెప్పినవి రెండే. కారణం నమోదు ఒక్కటే అని తేల్చి చెప్పలేం. కానీ ముందే మాట ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఫలితాలు ఎలా మారతాయో చూశాక, ఆ గడిని తేలిగ్గా తీసుకోవాలనిపించదు.

రాండమైజేషన్ దగ్గర, అంటే రోగులను లాటరీలా గ్రూపుల్లోకి పంపడం దగ్గర, కూడా ఆగండి. ఓపీ నంబరు సరి అయితే ఒక గ్రూపు, బేసి అయితే ఇంకో గ్రూపు అనడం రాండమైజేషన్ కాదు. వచ్చే రోగి ఏ గ్రూపులోకి వెళ్తాడో చేర్చుకునే డాక్టరుకు ముందే తెలిసిపోతుంది. కంప్యూటర్‌తో వరుస తయారు చేసి, దాన్ని వరుస నంబర్లున్న, వెలుతురుకు పట్టినా లోపల ఏముందో కనబడని సీలు కవర్లలో ఉంచడం మన ఆసుపత్రుల్లో తేలిగ్గా చేయగల పద్ధతి. ఇలా దాచడం వేరు, ఎవరికి ఏ మందు వెళ్తోందో తెలియకుండా ఉంచే బ్లైండింగ్ వేరు. మొదటిది గ్రూపు కేటాయింపు జరిగేదాకా, రెండోది జరిగిన తర్వాత. ఫారంలో ఇవి రెండు వేర్వేరు గడులు. రోగికీ డాక్టరుకూ మందు ఏదో తెలుస్తుంటే ఓపెన్ లేబుల్ అని నిజాయితీగా ఎంచుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

జబ్బు పేరుకు అంతర్జాతీయ జబ్బుల జాబితాలోని ఐసీడీ-10 కోడ్, శాంపిల్ సంఖ్య, చేర్చుకునే, చేర్చుకోని నియమాలు వంటివి ప్రోటోకాల్ చూసి నింపేయొచ్చు. విడి విడి రోగుల డేటాను, పేర్లు తీసేసి, ఇతర పరిశోధకులకు ఇస్తారా అన్న ప్రశ్నకు మాత్రం అలవాటుగా కాదు అని కొట్టేయకుండా గైడ్‌తో మాట్లాడి జవాబివ్వండి.

మొదటి రోగిని చేర్చుకునే తేదీ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. అది నమోదు పూర్తయ్యే నాటికి ఇంకా రాని తేదీ అయి ఉండాలి. పరిశీలన జరుగుతుండగానే ఆ తేదీ దాటిపోతే మార్చి మళ్లీ పంపాల్సి వస్తుంది. అందుకే కాస్త దూరంగా వేసుకోండి.

పంపాక

సమర్పించగానే రెఫ్ అని మొదలయ్యే తాత్కాలిక నంబరు వస్తుంది. అది నమోదు నంబరు కాదు. దాన్ని చూపించి కేసులు తీసుకోకూడదు. సీటీఆర్‌ఐ పరిశీలకులు ఒక్కో గడినీ చదివి, అస్పష్టంగా ఉన్నవాటిపై ప్రశ్నలతో వెనక్కి పంపుతారు. మెయిల్ స్పామ్‌లో పడుతుందేమో చూస్తూ ఉండండి, అడిగినదానికి ఆ గడిలోనే దిద్ది తిరిగి పంపండి. అన్నీ సరిపోయాక అసలు నంబరు ఇస్తారు. మన హైదరాబాద్‌లో తయారైన కోవాక్సిన్ మూడో దశ ట్రయల్ నంబరు సీటీఆర్‌ఐ/2020/11/028976. నమోదైన సంవత్సరం, నెల, ఆ తర్వాత వరుస సంఖ్య. ఈ నంబరు థీసిస్‌లో, పేపర్‌లో ఉండాల్సిందే. రోగికి ఇచ్చే సమాచార పత్రంలోనూ వేస్తే ఇంకా మంచిది.

తర్వాత ఏ మార్పు చేసినా పాతది, కొత్తది రెండూ రికార్డులో కనిపిస్తాయి. ఎథిక్స్ కమిటీకి తెలియకుండా శాంపిల్ తగ్గించడం, అవుట్‌కమ్ మార్చడం లాంటివి అక్కడ దాగవు. సరైన కారణంతో, కమిటీ అనుమతితో చేసిన మార్పుకు మాత్రం భయపడనవసరం లేదు. చేర్చుకోవడం మొదలైందా, ఆగిందా, పూర్తయిందా అన్న స్థితిని ఎప్పటికప్పుడు దిద్దుతుండాలి. చివరికి ఎంతమందిని చేర్చుకున్నారో, పేపర్ వస్తే దాని వివరాలేమిటో కూడా చేర్చాలి.

గ్రాంటు దరఖాస్తులో

2017 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర కొన్ని పెద్ద నిధుల సంస్థలు ఒక ఉమ్మడి ప్రకటన చేశాయి. సంతకం చేసినవాటిలో ఐసీఎంఆర్ ఉంది, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్, వెల్‌కమ్ ట్రస్ట్ ఉన్నాయి. ట్రయల్ ముగిసిన 12 నెలల్లోపు ఫలితాల సారాంశం రిజిస్ట్రీలో ఉండాలని, 24 నెలల్లోపు జర్నల్లో రావాలని అవి చెప్పాయి. కొత్తగా నిధులు అడిగే పరిశోధకుడు పాత ట్రయల్స్ ఫలితాలను బయటపెట్టాడా లేదా అన్నదాన్ని పరిగణనలోకి తీసుకుంటామని కూడా అందులో ఉంది. ఆశించిన ఫలితం రాలేదని పేపర్‌ను బీరువాలో పెట్టేసే సంస్కృతికి ఇది నేరుగా అడ్డు వెళ్తుంది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది అదే. ఆ ట్రయల్‌లో చేరిన రోగి తన శరీరాన్ని, సమయాన్ని ఇచ్చాడు. మందు పనిచేయలేదన్న ఫలితం కూడా అతనికి మనం బాకీ ఉన్నదే.

ఐసీఎంఆర్ గ్రాంటుకు ఆన్‌లైన్‌లో ప్రతిపాదన పంపే నాటికి ఆ కొత్త ట్రయల్‌కు సీటీఆర్‌ఐ నంబరు సాధారణంగా ఉండదు, ఉండనక్కర్లేదు. చేయాల్సింది రెండు పనులు. పనుల కాలపట్టికలో ఎథిక్స్ అనుమతికి, నమోదుకు నెలలు విడిగా చూపించండి. మొదటి నెలలోనే రోగులను చేర్చుకుంటామని రాసిన ప్రతిపాదన చదివినవాళ్లకు ఇతను పని చేసిన మనిషి కాదని అర్థమైపోతుంది. ఇక మీ పాత ట్రయల్స్ నంబర్లన్నీ, పీజీ థీసిస్‌తో సహా, ఒక్కోదాని స్థితితో బయోడేటాలో ఇవ్వండి. ఏదైనా మధ్యలో ఆగిపోయి ఉంటే ముందు రిజిస్ట్రీలోకి వెళ్లి స్థితి మార్చి, రోగులు దొరకలేదో, మందు సరఫరా ఆగిందో, గైడ్ బదిలీ అయ్యారో కారణం రాయండి. దరఖాస్తులోనూ అదే కారణం, అవే మాటల్లో ఉండాలి.