ఇటలీ సరస్సుల చుట్టూ ఇద్దరే కారులో తీరిగ్గా తిరిగి రావడం ఎలా?

పది రోజుల సెలవులో మజ్జోరే, ఓర్తా, లుగానో, కోమో, గార్దా సరస్సులు అయిదింటినీ కారులో చుట్టి వస్తామని, దారి గీసి ఇవ్వమని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది ఆ జాబితాలో సగానికి పైగా కొట్టివేయమని. ఉత్తర ఇటలీ సరస్సులకు మావారూ నేనూ నాలుగుసార్లు వెళ్లాం. నాలుగుసార్లూ కారు నేనే నడిపాను, పటం ఆయన చూశారు. మొదటిసారి మేమూ అయిదింటి మీదా ఆశపడి, నీటిని చూసినంత సేపు సొరంగాల గోడలను కూడా చూసి తిరిగి వచ్చాం. అందుచేత ఇక్కడ చెప్పేది మజ్జోరే ఒడ్డున మూడు రాత్రులు, కోమో ఒడ్డున అయిదు రాత్రులు గడిపే ప్రయాణం గురించి మాత్రమే. గార్దా దాదాపు 370 చదరపు కిలోమీటర్లతో ఇటలీలోకెల్లా పెద్ద సరస్సు. దానికి వేరే సెలవు పెట్టుకోవలసిందే.

కాగితాలు, కారు, కాలం

మన లైసెన్సుతో పాటు రవాణా కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అది ఏడాదిపాటు చెల్లుతుంది. అసలు లైసెన్సు లేకుండా అదొక్కటే చూపితే లాభం లేదు. ఎక్కువ రాత్రులు ఇటలీలోనే గడుపుతాం కనుక షెంగెన్ వీసాకు ఇటలీకే దరఖాస్తు చేసుకోవాలి. కారు ఎవరు నడుపుతారో వారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి.

కారు సాధ్యమైనంత చిన్నదిగా, ఆటోమేటిక్‌గా ఉండాలి. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి ఉంటాయి. కొత్త వైపున రోడ్డును చూసుకుంటూ కుడిచేత్తో గేర్లు కూడా వెతుక్కోవలసిన అవసరం సెలవులో ఎవరికీ లేదు. ఇద్దరికి పెద్ద కారు ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. సూట్‌కేసులు పట్టవంటే తగ్గించుకోవలసింది సూట్‌కేసులనే.

వెళ్లవలసిన నెలలు మే, సెప్టెంబరు. ఆగస్టులో, ముఖ్యంగా 15వ తేదీ పండుగ చుట్టుపక్కల, ఇటలీ అంతా నీటి ఒడ్డుకు చేరుతుంది. ఏ నెలలోనైనా ఎండ కాసే ఆదివారం మిలాన్ నగరం కొంత అక్కడికే వస్తుంది కాబట్టి ఆ రోజు కారు తాళం ముట్టుకోకూడదు.

మొదటి మూడు రోజులు: మజ్జోరే

మాల్పెన్సా విమానాశ్రయంలో కారు తీసుకుని ఆ రోజు మజ్జోరే ఒడ్డునున్న స్ట్రెజా ఊరు దాటి వెళ్లకూడదు. అది గంట ప్రయాణం కూడా కాదు. మన దేశంలో నడిపేవారికి కారు ఒళ్లంతా ఎడమవైపు ఉండటం అలవాటు. ఇక్కడ అది కుడివైపుకు మారుతుంది, మనసు మాత్రం మారదు. కుడి చక్రాలు రాతి అంచును గీసుకునేది అందువల్లే. రోడ్డు మధ్యగీత ఎప్పుడూ నేను కూర్చున్న వైపే ఉండాలి అని మొదటి గంటంతా పైకి అనుకుంటూ నడపండి. మావారికి ఇప్పటికీ అది జపంలాగే వినిపిస్తుందట.

మోటార్‌వే మీద చీటీ తీసుకుని దిగేచోట డబ్బు కట్టాలి. పసుపు వరుస ముందుగా పరికరం పెట్టించుకున్నవారిది, అందులోకి వెళ్లకండి. ఊరి బయట పగలు కూడా లైట్లు వేసి ఉంచాలి. పార్కింగులో తెల్లగీత ఉచితం, నీలిగీతకు డబ్బు కట్టాలి, పసుపుగీత మనది కాదు. తెల్లగీత పక్కన గంటల పరిమితి రాసి ఉంటే, వచ్చిన సమయం చూపే అట్టబిళ్లను అద్దం వెనుక పెట్టాలి.

స్ట్రెజాలో కారును రెండు రోజులు కదపకుండా ఉంచి, బొరొమియో ద్వీపాలకు పడవలో వెళ్లండి. మూడో రోజు ఓర్తా సరస్సుకు ఒక పూట చాలు. ఓర్తా సాన్ జూలియో ఊరి పైభాగంలో కారు ఆపి, నడిచి దిగి, ఎదురుగా ఉన్న చిన్న ద్వీపానికి పడవ ఎక్కడమే అక్కడి పని.

మజ్జోరే నుంచి కోమోకు

నావిగేషన్‌ను అడిగితే మోటార్‌వే చూపిస్తుంది. దాని మాట వినకండి. ఇంత్రాలో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే సుమారు ఇరవై నిమిషాల్లో అవతలి ఒడ్డున లావేనోలో దిగవచ్చు. అక్కడి నుంచి ఒడ్డు వెంబడే లుయినో వెళ్లి (బుధవారమైతే అక్కడ పెద్ద సంత జరుగుతుంది, కారు పెట్టడానికి చోటు దొరకదు), పోంతే త్రేజా దగ్గర స్విట్జర్లాండులో ప్రవేశించి, లుగానో, గాండ్రియా మీదుగా మళ్లీ ఇటలీలోకి వచ్చి, పోర్లెత్సా దాటి మెనాజ్జోలో కోమో సరస్సును చేరవచ్చు. స్విస్ మోటార్‌వే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల ఏడాది చీటీ కొనాలి. ఈ దారి పొడవునా మామూలు రోడ్లే ఉన్నాయి కనుక, నావిగేషన్‌లో మోటార్‌వేలు వద్దని ముందే చెబితే ఆ ఖర్చు ఉండదు. సరిహద్దు దాటడానికి అద్దె ఒప్పందం అనుమతిస్తుందో లేదో కారు తీసుకునే రోజే అడగాలి. పాస్‌పోర్టులు చేతికి అందేలా ఉండాలి.

బసకు చేరే చివరి అర కిలోమీటరు

ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఏది తప్పినా సర్దుకోవచ్చు. ఇది తప్పితే సెలవు అయిపోయి, ఫొటోలు అందరికీ చూపించడం కూడా అయిపోయాక శిక్ష ఇంటికి వస్తుంది. నన్ను సలహా అడిగి వెళ్లినవారిలో కూడా సగం మంది ఇక్కడే తప్పటడుగు వేశారు.

ఇటలీలో చాలా ఊళ్ల పాత భాగాల్లోకి బయటి కార్లు రాకూడదు. ఆ ప్రాంతాన్ని జోనా త్రాఫికో లిమితాతో అంటారు, అంటే రాకపోకలు పరిమితమైన ప్రాంతం. బోర్డుల మీద, అందరి నోటా జెడ్‌టీఎల్. దాని మొదట్లో తెల్లని గుండ్రటి బోర్డు, చుట్టూ ఎర్రని అంచు, కింద వేళలు ఉంటాయి. గేటు ఉండదు, పోలీసు ఉండడు, ఎవరూ ఆపరు. పైనున్న కెమెరా మాత్రం నంబరు ప్లేటును చూస్తుంది. కోమో నగరంలో గోడల లోపలి భాగం ఇలాంటిదే.

బోర్డు కింద వేళల పక్కన చిన్న బొమ్మలుంటాయి. అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు పనిదినాలకు, శిలువ గుర్తు ఆదివారాలకూ పండుగలకూ చెల్లుతాయి. శనివారం అక్కడ పనిదినం కిందే లెక్క. సెలవురోజు కదా అని శనివారం ధీమాగా లోపలికి వెళ్లి దొరికిపోయినవారు నాకు తెలుసు.

అంతకంటే పెద్ద ఉచ్చు వెలుగు అక్షరాల బోర్డు. దాని మీద ‘వార్కో అత్తివో’ అని వెలుగుతుంటుంది. వార్కో అంటే ద్వారం, అత్తివో అంటే పనిచేస్తున్నది. ద్వారం పనిచేస్తున్నదంటే వెళ్లవచ్చని మన బుద్ధికి తోస్తుంది. అర్థం దానికి సరిగ్గా వ్యతిరేకం: కాపలా పనిచేస్తోంది, లోపలికి రావద్దు. ‘నోన్ అత్తివో’ అని ఉన్నప్పుడే వెళ్లవచ్చు. మొదటి ప్రయాణంలో ఒక ఒడ్డు ఊరిలో నేను ఆ వెలుగును చూసి సంతోషంగా లోపలికి పోనిచ్చాను. హోటల్ సందు దాటిపోయిందని గ్రహించి, బయటికి వచ్చి, చుట్టి, అదే ద్వారం గుండా రెండోసారి వెళ్లాను. ఏడు నెలల తర్వాత హైదరాబాదులో మా ఇంటికి రెండు నోటీసులు వచ్చాయి. కెమెరా కిందుగా రెండుసార్లు వెళ్లినందుకు రెండు జరిమానాలు, ఒక్కొక్కటి 80 యూరోలకు పైమాటే. అవి రాకముందే, నా పేరూ చిరునామా అధికారులకు ఇచ్చినందుకు రుసుమంటూ అద్దె కంపెనీ నా కార్డు నుంచి రెండుసార్లు డబ్బు తీసుకుంది. ఆ రుసుము వేరు, జరిమానా వేరు. రుసుము కట్టాం కదా అని జరిమానా కట్టకుండా ఊరుకునేవారు మళ్లీ పొరబడుతున్నారు. నోటీసు చేతికి అందిన అయిదు రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గుతుందని మాకు అప్పుడే తెలిసింది.

కాబట్టి ఇలా చేయాలి. బస ఖాయం చేసుకునే ముందే, అది జెడ్‌టీఎల్ లోపల ఉందా, అతిథి కారు నంబరును మీరే నమోదు చేయిస్తారా అన్న రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. హోటళ్లు సాధారణంగా చేయిస్తాయి. ఇల్లు అద్దెకిచ్చేవారు చేయించగలరని అనుకోకండి, అడిగి జవాబు దగ్గర ఉంచుకోండి. కారు నంబరు చేతికి తాళం వచ్చేదాకా తెలియదు. అందుచేత విమానాశ్రయం పార్కింగులోనే ప్లేటును ఫొటో తీసి, ఇంజను వేయకముందే, చేరే తేదీతోనూ వెళ్లే తేదీతోనూ కలిపి మెయిలు పంపాలి. ఇటలీ ప్లేటులో రెండు అక్షరాలు, మూడు అంకెలు, మళ్లీ రెండు అక్షరాలు వస్తాయి. ఓ అనే అక్షరాన్ని అసలు వాడరు కనుక గుండ్రంగా కనిపించేది సున్నాయే. ఒక్క గుర్తు తప్పు పంపినా మీ అనుమతి ఇంకెవరి కారుకో పోతుంది.

ఊరు దగ్గర పడగానే పని పంచుకోవాలి. నడిపేవారు రోడ్డును, పక్కనున్నవారు బోర్డులను మాత్రమే చూడాలి. ఆ అయిదు నిమిషాలు సరస్సును ఎవరూ చూడకూడదు, మాట్లాడకూడదు. నావిగేషన్ ‘కుడికి తిరగండి’ అన్నా, ఎర్ర అంచు గుండ్రం కనబడితే తిరగకుండా ముందుకు పోయి, వెడల్పుగా ఉన్నచోట ఆగి హోటల్‌కు ఫోను చేయాలి. వెనుక ఎవరు హారను కొట్టినా సరే. పొరపాటున లోపలికి వెళ్లిపోతే కంగారుపడి నాలాగా బయటికి వచ్చి మళ్లీ దూరవద్దు. నేరుగా బసకు చేరి విషయం చెప్పండి, కొన్ని ఊళ్లలో కొద్ది వ్యవధిలోపు నంబరును తర్వాతైనా నమోదు చేసుకుంటారు.

ఇక నా పద్ధతి: అనుమతి ఉన్నా కారును పాత ఊరిలోకి తీసుకుపోను. బయటి పార్కింగులో పెట్టి సంచి భుజాన వేసుకుని నడిచిపోతాను. పరుపురాళ్ల వీధుల్లో చక్రాల పెట్టెలు పాడవుతాయి, కాబట్టి వాటినీ తేకండి. బయటి పార్కింగుకు రోజుకు పదో ఇరవయ్యో యూరోలు ఖర్చవుతాయని గొణిగేవారికి పై లెక్క మరోసారి చదవమని చెబుతాను.

కోమో ఒడ్డున కారు ఎంత కదలాలి?

చాలా కొద్దిగా. అందరూ బెల్లాజ్జోలో బస చేస్తారు. నేను మెనాజ్జోలోనే బస చేస్తాను. వరెన్నా, బెల్లాజ్జో, కాదెనాబియాలకు వెళ్లే పడవలు అక్కడ సులువుగా దొరుకుతాయి, రోడ్డు కూడా మరీ ఇరుకు కాదు. తోటలున్న పాత భవనం విల్లా కార్లోత్తాకు పడవలోనో బస్సులోనో వెళ్లండి. అలాంటిదే మరో భవనం విల్లా దెల్ బల్బియానెల్లో దగ్గరికి కారు ఎలాగూ పోదు, లెన్నో నుంచి నడవాలి, లేదా పడవ ఎక్కాలి. అక్కడికి దక్షిణాన, సాలా కొమచీనా పరిసరాల్లో, రోమన్ల నాటి దారిని అనుసరించే రోడ్డు ఇళ్ల గోడల మధ్య ఎంత సన్నబడుతుందంటే బస్సు ఎదురైతే అందరూ ఆగిపోవలసిందే. తప్పనిసరిగా వెళ్లవలసి వస్తే, మలుపు అవతల హారను వినబడగానే వెడల్పుగా ఉన్నచోటే ఆగి కుడి అద్దం మడవండి. వెనక్కి పోవలసింది కారే, బస్సు కాదు.

కారు ప్రయాణమంటూ ఒకటే చాలు: మెనాజ్జో నుంచి ఉత్తరానికి గ్రవెదోనా, కోలికో మీదుగా తూర్పు ఒడ్డున వరెన్నాకు దిగి, ఫెర్రీలో కారుతో సహా పావుగంటలో తిరిగి రావడం. దాదాపు 50 కిలోమీటర్లకు ఒక రోజంతా పెట్టుకోండి. దీనిని గడియారపు ముల్లు తిరిగే దిశలోనే చేయాలి. అప్పుడు నీరు ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. నడిపేవారి పక్కన కూర్చున్నవారికి అడ్డు లేకుండా కనబడుతుంది, ఎదురు కార్లను దాటకుండానే ఒడ్డున ఆగవచ్చు. కొండను ఆనుకుని పోతే భయం ఉండదని వ్యతిరేక దిశలో తిరిగేవారున్నారు. వారు చూసేది కొండనే.

గ్రవెదోనాలో తెలుపు నలుపు రాళ్ల చారలతో ఉన్న 12వ శతాబ్దపు సాంతా మరియా చర్చి దగ్గర ఒకసారి, కోలికో దాటాక పియోనా మఠం దగ్గర మరోసారి ఆగండి. కోలికో నుంచి నావిగేషన్ ఎస్‌ఎస్ 36 అనే పెద్ద రోడ్డును చూపిస్తుంది. అందులో సొరంగాలే ఎక్కువ. దాని కింద ఒడ్డునే పోయే పాత రోడ్డు ఎస్‌పీ 72ను పట్టుకోండి, దేర్వియో, బెల్లానో అన్నీ దాని మీదే వస్తాయి. భోజనం మధ్యాహ్నం రెండున్నరలోపు ముగించాలి, తర్వాత వంటగదులు మూసేస్తారు. మాంసాహారులు మిస్సొల్తీనీ అడగండి: ఎండబెట్టిన సరస్సు చేపలను కాల్చి, మొక్కజొన్న పిండితో వండిన పొలెంతాతో పెడతారు. ఎండుచేపలూ సంకటీ తిని పెరిగినవారికి పరిచయం అక్కర్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు

కోమో వైపు నుంచి మాల్పెన్సాకు వచ్చేటప్పుడు నావిగేషన్ మిమ్మల్ని పెదెమోంతానా అనే మోటార్‌వే ఎక్కించవచ్చు. అక్కడ టోల్ గేట్లుండవు, కెమెరాలే నంబరు రాసుకుంటాయి. 15 రోజుల్లోపు ఆన్‌లైనులో మనమే కట్టాలి. కారు అప్పగించే ముందు నాలుగు చక్రాల అంచులనూ, ముఖ్యంగా కుడివైపు రెండింటినీ, ఫొటో తీయండి. అద్దె ఒప్పందాన్నీ, నంబరు నమోదు చేయించామని హోటల్ పంపిన మెయిలునూ ఏడాదిపాటు పారేయకండి. విదేశాల్లో ఉండేవారికి నోటీసు పంపడానికి ఇటలీ చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది.