రోహిణి ఎండల్లోనే లారీ కింది జంగు (తుప్పు) పని ముగించండి

రెండేళ్ల కింద శ్రావణ మాసంలో పరకాల దాటి భూపాలపల్లి వైపు పోతుంటే, నా పది టైర్ల లారీ ఎడమ పక్కకు గుంజుతున్నట్టు అనిపించింది. ఆపి కిందికి వంగి చూస్తే, వెనక కమాన్ కట్టను (బరువు మోసే స్ప్రింగు పట్టీలను) చాసీకి, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి, పట్టి ఉంచే బ్రాకెట్ సగందాకా చీలి ఉంది. పైన మాత్రం నల్ల రంగు నిగనిగలాడుతోంది. గోరుతో గీకితే ఆ రంగు తొక్కలాగా ఊడొచ్చింది. దాని వెనక ఇనుము పొరలు పొరలుగా లేచి పొట్టు రాలింది. పది నెలల ముందు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం వేయించిన రంగు అది. వేసిన షెడ్డువాళ్లు కింద కడగలేదు, గీకలేదు, జంగు మీదనే కొట్టేశారు. ఆ రోజు లోడు తక్కువగా ఉండబట్టి, వేగం లేకపోబట్టి నేనూ క్లీనరూ క్షేమంగా ఇంటికి వచ్చాం. ఇంకో లారీకి, ఇంకో ఇంటికి అలాంటిది జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

బండి కింద కడిగి, జంగు గీకి, రంగు వేయించే ఈ పనికి ఏడాది మొత్తంలో మనకు దొరికే మంచి సమయం రోహిణి కార్తె. మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా ఉంటుంది. రోళ్లు పగిలే ఎండలు అంటారు కదా, చాసీ సందుల్లో నిలిచిన తడి ఆరాలంటే ఆ ఎండే కావాలి. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక ఎంత ఖరీదైన కోటింగ్ వేయించినా లోపల తడి అట్లాగే ఉండిపోతుంది.

మంచు కురిసే దేశాల్లో, అమెరికా ఉత్తరాన, కెనడాలో, చలికాలం రోడ్లమీద గడ్డకట్టిన మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు బండి కిందికి ఎగజిమ్మి అక్కడి ట్రక్కుల చాసీలను తినేస్తాయి. మన దగ్గర రోడ్డుమీద ఉప్పు చల్లరు నిజమే. కానీ మన బండికి ఉప్పు లోడుతో పాటే ఎక్కుతుంది. రైల్వే గూడ్స్ షెడ్డు నుంచి ఎరువు తోలేవాళ్లు పొటాష్ సంగతి గుర్తుంచుకోవాలి. అది పొటాషియం క్లోరైడ్. దాని బరువులో దాదాపు సగం క్లోరైడే. మనం తినే ఉప్పు ఇనుమును ఎట్లా తింటుందో ఇదీ అట్లాగే తింటుంది. చినిగిన బస్తాల నుంచి రాలిన పొడి బాడీ పలకల సందుల్లోంచి క్రాస్ మెంబర్ల (చాసీలో అడ్డంగా ఉండే ఇనుప దూలాల) మీద పడి కూర్చుంటుంది. వానాకాలం గాలిలో తేమను అదే పీల్చుకుంటుంది. పైన చుక్క వాన పడకున్నా కింద ఇనుము తడిగానే ఉంటుంది. ఉప్పు బస్తాలు తోలినా, కాకినాడ, విశాఖ రేవుల్లో లోడు కోసం రోజుల తరబడి ఆగి వచ్చినా ఇదే బాధ.

గోదావరి ఇసుక తోలే టిప్పర్ల తిప్పలు వేరు. తడి ఇసుక దారి పొడవునా నీళ్లు కారుస్తుంది. బొగ్గు, బూడిద తోలే బండ్లకు పొడి దట్టంగా పేరుకొని తడిని దాచిపెడుతుంది. జమ్మికుంట, పరకాల వైపు ఊళ్లలోకి దిగితే రేగడి మట్టి మడ్‌గార్డుల పైన, చాసీ మూలల్లో ముద్దలుగా అంటుకుంటుంది. పైన ఎండినట్టు కనిపించినా లోపల వారం దాకా చెమ్మ పోదు. జంగు అక్కడే మొదలవుతుంది.

ముందు చూడండి, తర్వాతే ఖర్చు పెట్టండి. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, టైర్లకు ముందూ వెనకా దిమ్మలు పెట్టించండి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు. టిప్పరైతే లేపిన బాడీకి సపోర్టు రాడ్డు పెట్టందే ఎవరినీ కిందికి పంపొద్దు. హైడ్రాలిక్ పైపు పగిలితే తప్పుకునే టైం ఉండదు. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, జంగు పొట్టు కంట్లో పడితే చాలా బాధ. తర్వాత చిన్న సుత్తితో చాసీ పొడవునా తట్టుకుంటూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. జంగు తిన్న ఇనుము మొద్దుగా, చచ్చినట్టు మోగుతుంది. కమాన్ బ్రాకెట్లు, యూ బోల్టులు, క్రాస్ మెంబర్లు చాసీకి కలిసే చోట్లు, చాసీ మీద అదనపు పట్టీ బిగించిన సందులు, బ్యాటరీ పెట్టె కింద, డీజిల్ ట్యాంకు బెల్టులు, ఎయిర్ ట్యాంకు అడుగు, బ్రేకు పైపులు క్లిప్పులతో పట్టిన జాగాలు తప్పకుండా చూడండి. పట్టీ సందుల్లో మరీ జాగ్రత్తగా చూడాలి. జంగు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రెండు రేకుల మధ్య ఉబ్బి రివెట్లను కూడా గుంజేస్తుంది. పట్టీ ఉబ్బెత్తుగా కనిపిస్తే అది రంగుతో పోయేది కాదు, మంచి మెకానిక్‌కు చూపించండి. చాసీకి ఎవరితో పడితే వాళ్లతో వెల్డింగ్ పెట్టించకండి. వేడికి ఇనుము బలం తగ్గి పక్కనే చీలుతుంది. తప్పదంటే ముందు బ్యాటరీ వైర్లు తీయించండి. కొత్త బీఎస్ సిక్స్ (పొగ తగ్గించే కొత్త నిబంధనల ప్రకారం చేసిన) బండ్లకు కంప్యూటర్ కనెక్షన్లు కూడా విప్పించాలి.

ఇక కడగడం. వాటర్ సర్వీసింగ్‌లో పైపైన కొట్టి పంపిస్తుంటే ఊరుకోకండి. చాసీ లోపలి మడతల్లోకి, మడ్‌గార్డుల పైకి, క్రాస్ మెంబర్ల రంధ్రాల్లోకి పైపు పెట్టించి, మట్టి నీళ్లు పోయి తేట నీళ్లు కారేదాకా కడిగించండి. వైరింగ్ కనెక్టర్ల మీద, ఎయిర్ వాల్వుల మీద దగ్గర నుంచి ప్రెషర్ కొట్టనివ్వొద్దు. కడిగాక రెండు రోజులు ఎండలో నిలపండి. కిరాయి పోతుందని టెన్షన్ పడతారు, నాకు తెలుసు. ఆ రెండు రోజులు ఆపకపోతే మిగతా ఖర్చంతా నీళ్లలో పోసినట్టే.

ఆరాక వైర్ బ్రష్‌తో, గ్రైండర్‌తో పొట్టు మొత్తం తీయించి, మెరిసే ఇనుము కనిపించిన చోట అదే రోజు రెడాక్సైడ్ ప్రైమర్ (జంగు పట్టకుండా రంగుకు ముందు వేసే పూత) కొట్టించండి. ఒక్క రాత్రి వదిలేసినా మళ్లీ ఎర్రబారుతుంది. ప్రైమర్ బాగా ఆరాక చాసీ బ్లాక్ అనే నల్ల రంగు రెండు పూతలు. రాళ్లు తగిలే చోట్ల, అంటే మడ్‌గార్డుల లోపల, బాడీ అడుగున, రబ్బరు లాంటి అండర్‌బాడీ కోటింగ్ మంచిదే. కానీ జంగు మీద, మట్టి మీద ఆ మందపాటి కోటింగ్ వేస్తే అసలు వేయకపోవడమే నయం. తడిని లోపల పెట్టి మూత బిగించినట్టు అవుతుంది. నా బ్రాకెట్‌కు జరిగింది ఇదే.

కోటింగ్ పడకూడని చోట్లు కూడా చెప్పి దగ్గరుండి చూడండి. బ్రేకు డ్రమ్ములు, రబ్బరు హోసులు, గ్రీజు నిప్పల్స్, జాయింట్ షాఫ్టు, సెన్సర్లు, నీళ్లు కారడానికి కంపెనీ పెట్టిన రంధ్రాలు, ఇవన్నీ ముందే పేపరు, టేపు చుట్టి మూయించి, పని అయ్యాక విప్పించాలి. సైలెన్సర్ మీద, దాని పక్కన అసలే వద్దు. వేడికి మంట అంటుకునే ప్రమాదం ఉంది.

కాలిన ఇంజిన్ ఆయిల్ పూయడం మన దగ్గర పాత అలవాటు. మా నాన్న కూడా పూసేవాడు. చవక, నీళ్లను కొంత ఆపుతుంది, కాదనను. కానీ బుష్షుల రబ్బరు ఉబ్బి పాడవుతుంది, దుమ్మంతా అంటుకుంటుంది, బ్రేకు లైనింగ్ మీద పడితే బ్రేకు జారుతుంది. వాన పడగానే ఆ ఆయిల్ పొలాల్లోకి, చెరువుల్లోకి పోతుంది. సర్వీసింగ్ తర్వాత డీజిల్ కొట్టించడం కూడా అంతే, వారంలో ఆరిపోయే మెరుపు కోసం రబ్బరు పాడుచేసుకోవడం.

వానలు మొదలయ్యాక పని చిన్నదే, కానీ మానకూడదు. ఎరువు గానీ ఉప్పు గానీ దించిన రోజే బాడీ ఊడ్పించి, కింద నీళ్లు కొట్టించండి. వాన కడుగుతుందిలే అనుకోవద్దు, వాన ఆ పొడిని తడిపి సందుల్లోకి పంపుతుంది. ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ రోజూ పొద్దున గుంజి లోపలి నీళ్లు వదలండి. ట్యాంకు లోపలి నుంచే తింటుంది, బయట రంగు చూసి తెలియదు. బీఎస్ సిక్స్ బండ్లలో పొగ శుభ్రం కావడానికి పోసే యూరియా ద్రావణం ఒలికితే వెంటనే నీళ్లు పోసి కడగండి, ఆరిన తెల్లటి పొర కింద ఇనుము పాడవుతుంది.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు మునిగిందీ అప్పుడే. అలాంటి రోజు వాగు దాటించే సాహసం ఎవరూ చేయొద్దు. ఆపిన చోటే నీళ్లు వచ్చి చక్రాల మధ్య ఉండే హబ్బులు మునిగితే, బండి బయటికి వచ్చాక ముందు మెల్లగా పోతూ బ్రేకులు రెండు మూడు సార్లు నొక్కి ఆరబెట్టండి. వీలైనంత తొందరగా హబ్బుల గ్రీజు మార్పించి, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) ఆయిల్ కొంచెం తీసి చూడండి. పాలలాగా తెల్లబడితే నీళ్లు దూరినట్టే, మొత్తం మార్పించాలి. తర్వాత మళ్లీ కింద తేట నీళ్లతో కడిగించి, ఎండ కాసిన రోజు చాసీ రంధ్రాలు ఆకులతో, బురదతో మూసుకుపోయాయేమో పుల్ల పెట్టి చూసుకోండి.