మకానీస్ సంస్కృతిని తెలుసుకోవడం ఎలా: పటువా పలుకు నుంచి వంటింటి దాకా

చైనా దక్షిణ తీరంలో, ఒకప్పుడు పోర్చుగీసు పాలనలో ఉన్న మకావు గురించి చదవడం మొదలుపెట్టినవారు ముందుగా తడబడేది ‘మకానీస్’ అనే మాట దగ్గరే. మకావులో ఉండేవారందరినీ ఇంగ్లీషు పత్రికలు తరచుగా ఆ పేరుతోనే పిలుస్తాయి. ఇక్కడ చెప్పుకునేది మాత్రం, 1557 ప్రాంతంలో పోర్చుగీసువారు అక్కడ స్థిరపడిన తరువాత, వారికీ మలయ్ తీరపు రేవు మలక్కా, గోవా, జపాన్, చైనా ప్రాంతాల స్త్రీలకూ కలిగిన సంతానం నుంచి తరతరాలుగా రూపుదిద్దుకున్న ఒక చిన్న సముదాయం గురించి. తమను తాము వారు పోర్చుగీసులో ‘ఈ నేల బిడ్డలు’ అని చెప్పుకుంటారు. చైనీయులు వారిని ‘ఇక్కడే పుట్టిన పోర్చుగీసువారు’ అంటారు. కాబట్టి ఏ వ్యాసం చదివినా, ఏ లెక్క చూసినా, ఆ మాటను ఏ అర్థంలో వాడారో ముందు తేల్చుకోండి.

అది తేలాక వంశవృక్షాల జోలికి వెంటనే పోకుండా నేరుగా భాష దగ్గరికి వెళ్ళడం మేలని నా అభిప్రాయం. పోర్చుగీసుకు ఆసియా భాషలు కలిసి పుట్టిన వీరి సొంత భాష పేరు పటువా. వీరి పూర్వులు ఏయే రేవులు దాటి వచ్చారో ఆ భాషలోని పదాలే చెబుతాయి. ఒక నోటుపుస్తకంలో పదం, అర్థం, పుట్టిల్లు అని మూడు గడులు గీసుకోండి. సీతాకోకచిలుకను పటువాలో ‘కోపు-కోపు’ అంటారు. అది మలయ్ భాష నుంచి వచ్చింది. మల్లెపూవు ‘ఫులా మొగరీం’. అందులో ‘ఫులా’ అంటే పువ్వు, అది కొంకణి నుంచి వచ్చిన మాట కాగా, ‘మొగరీం’ మన పడమటి తీరంలో మల్లెను పిలిచే ‘మోగ్రా’కు చుట్టం. ఇలా ఇరవై పదాలు రాసుకునేసరికి లిస్బన్ నుంచి గోవా, మలక్కాల మీదుగా మకావు చేరిన ఓడల దారి మీ పుస్తకంలోనే కనబడుతుంది.

వ్యాకరణాన్ని కూడా ఒక్క వాక్యం చేతిలో పట్టుకుని చూడవచ్చు. ‘మరియా ఇల్లు’ అనడానికి పోర్చుగీసులో ఇంటిని ముందు చెప్పి, మరియాను తరువాత చెబుతారు. పటువాలో అది ‘మరియా-సా కాజా’. తెలుగులో లాగే మనిషి ముందు, ఇల్లు తరువాత. ఇళ్ళు ఎక్కువైతే ‘కాజా-కాజా’ అని మాటను రెండుసార్లు పలుకుతారు. క్రియ మనిషిని బట్టి మారదు. దాని ముందు ‘జా’ చేరిస్తే జరిగిపోయిన పని, ‘తా’ చేరిస్తే జరుగుతున్న పని, ‘లోగో’ చేరిస్తే జరగబోయే పని. ఇంత చక్కని నియమాలున్న భాషను విరిగిన పోర్చుగీసు అనడం అన్యాయం. బడిలో నేర్పే పోర్చుగీసుతో పోల్చి దాన్ని తక్కువ చేయడం వల్లనే అది వీధి నుంచి ఇంట్లోకి, ఇంట్లోనూ పెద్దవయసు స్త్రీల నోటికి కుంచించుకుపోయింది. యునెస్కో 2009లో దీన్ని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న భాషల్లో చేర్చింది.

భాషను చెవితో వినాలంటే నాటకమే మంచి దారి. పటువాను ‘తీయని పలుకు’ అని పిలుచుకునే సంప్రదాయం ఉంది. 1993లో ఏర్పడిన నాటక బృందం ఆ మాటనే తన పేరుగా పెట్టుకుని, మకావు కళోత్సవంలో ఊరి సంగతుల మీద హాస్య నాటకాలు ఆడుతూ వస్తోంది. జీవితమంతా పటువాలో రాసిన కవి జోసె దోస్ సాంతోస్ ఫెరైరా కన్నుమూసింది కూడా 1993లోనే. చైనా 2021లో పటువా నాటకాన్నీ మకానీస్ వంటనూ జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. నాటకం చూసేటప్పుడు ఒక రంగాన్ని మొదట తెర మీది అనువాదం చదువుతూ చూడండి. తరువాత చదవడం మాని, కళ్ళు మూసుకుని అదే రంగాన్ని మళ్ళీ వినండి. రెండోసారి పోర్చుగీసు పదాల వెనుక నడిచే ఆసియా లయ తెలుస్తుంది.

జానపద విశ్వాసాలు పుస్తకాలలో కంటే పండుగ పళ్ళెంలోనూ ఊరి బావి దగ్గరా ఎక్కువగా దొరుకుతాయి. క్రిస్మస్‌కు చేసే మూడు పిండివంటలను బాల యేసు పడకగా చెప్పుకుంటారు: ‘అలువా’ పరుపు, ‘ఫార్తెస్’ దిండు, ‘కొస్కొరోయిస్’ దుప్పటి. బియ్యప్పిండి, కొబ్బరి, బాదంపప్పులతో చేసే ఆ అలువా పేరులో మన హల్వాను గుర్తుపట్టడం కష్టం కాదు. అలాగే లిలావు ఊట నీరు తాగినవారు మకావును మరువలేరని, ఎక్కడికి వెళ్ళినా తిరిగి వస్తారని ఒక నానుడి ఉంది. ఆ లిలావు కూడలి, 1860 నాటి దొమ్ పెద్రో నాటకశాల రెండూ 2005లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పాతనగరంలోనే ఉన్నాయి కాబట్టి ఒక్క పూట నడకలో చూడవచ్చు.

వంటలో ‘మించీ’తో మొదలుపెట్టండి. ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించి, ఖీమా వేసి, సోయా సాస్‌తో నీరు ఇగిరేదాకా వేపి, విడిగా వేయించిన బంగాళాదుంప ముక్కలు కలిపి, అన్నం మీద వడ్డించి పైన గుడ్డు పెడతారు. ఖీమా పందిమాంసమా గొడ్డుమాంసమా, రెండూ కలపాలా అన్నది ఇంటింటికీ మారుతుంది. చాలా ఇళ్ళలో వంటల కొలతలను బయటివారికి చెప్పకుండా దాచుకునేవారు. కాబట్టి కొలత అడగకండి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి.

పెద్దలతో మాట్లాడే అవకాశం వస్తే, అది మకావులోనే కానవసరం లేదు. 1840ల నుంచి హాంగ్‌కాంగ్‌కూ, తరువాత కాలిఫోర్నియా, కెనడా, ఆస్ట్రేలియా, బ్రెజిల్, పోర్చుగల్‌లకూ ఈ కుటుంబాలు వలస వెళ్ళాయి. వారి సంఘాలు చాలాచోట్ల ‘మకావు ఇల్లు’ అనే పేరుతోనే నడుస్తున్నాయి. ‘మీకు పటువా వచ్చా’ అని అడిగితే చాలామంది రాదనే అంటారు. అమ్మమ్మ కోపమొస్తే ఏమనేది, పిల్లలను ఏమని ముద్దు చేసేది అని అడిగితే మాటలు వాటంతటవే వస్తాయి. అనుమతి తీసుకుని గొంతు రికార్డు చేయండి. పటువాకు అందరూ పాటించే ఒకే రాత పద్ధతి లేదు కాబట్టి విన్నది విన్నట్టే రాసి, పక్కనే చెప్పినవారి వయసు, పెరిగిన ఊరు, ఆ మాట ఎవరి నోట విన్నారో కూడా రాసుకోండి.