పాత సైనిక సంచిని కొండ నడకకు సిద్ధం చేసుకోవడం

చెన్నైలోని పల్లావరం శుక్రవారం సంతలో పాత సామాన్ల మధ్య సైనిక సంచి కనిపించినప్పుడు, దాని రంగుకూ బకిళ్లకూ మోజుపడక ముందు గుడ్డను పరీక్షించాలి. అడుగు కుట్ల దగ్గరా, భుజం పట్టీలు సంచికి అతికే చోటా రెండు బొటనవేళ్లతో గట్టిగా లాగి చూస్తే, కుళ్లిన నూలు పొడిపొడిగా చిరుగుతుంది. అటువంటి సంచి ఎంత చవకగా వచ్చినా కొనకూడదు, ఎందుకంటే ఏ కుట్టూ దానిమీద నిలవదు.

గుడ్డ గట్టిగా ఉంటే, అది కాన్వాసా నైలానా అన్నది తేల్చుకోవాలి. అమెరికా సైన్యం 1956 నాటి సామగ్రిలో ఎక్కువ భాగం నూలు కాన్వాసుదే. అదే సైన్యం 1973లో స్వీకరించిన ఆలిస్ (ALICE) అనే రకం సంచులు నైలానువి. రెండింటికీ వచ్చే జబ్బులూ వేరు, చేయవలసిన వైద్యమూ వేరు.

కాన్వాసుకు చెన్నై గాలిలో పట్టేది బూజు. ముక్కుకు మాస్కు కట్టుకుని, మేడ మీద సంచిని తిరగేసి పొడి బ్రష్షుతో దులిపిన తర్వాత, ఒక వంతు తెల్ల వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి మచ్చలమీద అద్ది, గంట ఆగి, సబ్బునీళ్లతో చేత్తోనే ఉతకాలి. వేణ్ణీళ్లకు కాన్వాసు కుంచించుకుపోతుంది, బ్లీచింగ్ పౌడరు నూలును తినేస్తుంది, కాబట్టి రెండూ వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ముసురు పట్టే రోజుల్లో కాకుండా ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని పెట్టుకుంటే, మడతల లోపలి తడి కూడా పూర్తిగా ఆరుతుంది.

నైలాను సంచి లోపల జిగటగా తగిలి, పులిసిన వాసన వస్తుంటే, గుడ్డకు పూసిన పాలీయురేథేన్ పొర తేమకు విచ్చిపోతోందని అర్థం. గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా కూర్చుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన బ్రష్షుతో ఆ పొరను గీకి తీసి, ఉతికి, నీడన ఆరబెట్టాలి. తీవ్రమైన ఎండ నైలానును బలహీనపరుస్తుంది. కొత్త పొర పూయడానికి శ్రమపడటంకన్నా, లోపల మందపాటి పాలిథిన్ సంచి పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. కాన్వాసు సంచికైతే మూతకూ అడుగుకూ మాత్రం మైనం రుద్ది, హెయిర్ డ్రయ్యర్‌తో కరిగించి గుడ్డలోకి ఇంకించవచ్చు. వీపుకు ఆనే వైపు మైనం పట్టిస్తే చొక్కా పాడవుతుంది, చెమటా ఆరదు.

ఇత్తడి బకిళ్లకు చింతపండు చాలు. ఇనుప వాటి తుప్పును ఉప్పు కాగితంతో తీసి, నూనె చుక్క వేయాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది బరువు మోసే పట్టీల మీద. పాత నూలు దారం పైకి బాగానే కనిపించినా లోపల చెమటకు చివికి ఉంటుంది కనుక, ఆ కుట్లన్నీ విప్పించి, బ్యాగులు కుట్టే మనిషి చేత గట్టి నైలాను దారంతో మళ్లీ కుట్టించాలి. పట్టీ సంచిమీద కనీసం రెండంగుళాలు పరుచుకోవాలి; దానిమీద చదరంగా ఒక కుట్టు వేయించి, మధ్యలో మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా మరో రెండు కుట్లు వేయించాలి. అప్పుడు లాగుడు ఒక్క వరసమీదే పడకుండా పంచుకుంటుంది. పట్టీలు సన్నగా ఉంటే పాత యోగా మ్యాట్ ముక్కను కోసి లోపల పెట్టించుకోవచ్చు. పని పూర్తయ్యాక రెండు లీటర్ల నీళ్ల సీసాలు పది నింపి, సంచిని భుజం పట్టీలతోనే ఒక రాత్రి వేలాడదీస్తే, కుట్టు ఎక్కడ సాగిందో తెల్లవారేసరికి తెలుస్తుంది.

వ్యాయామానికి మొదట శరీర బరువులో పదో వంతు మించకూడదు: డెబ్బై కిలోల మనిషికి ఏడు కిలోలు. అడుగున మడిచిన దుప్పటి పెట్టి, దానిమీద నీళ్ల సీసాలు వీపుకు ఆనుకునేలా సర్దితే బరువు నడుముకు జారదు. మోకాలు నొప్పి పెడితే నీళ్లు పారబోసి తేలిగ్గా ఇంటికి రావచ్చు. బీసెంట్ నగర్ తీరంలోనూ, సెయింట్ థామస్ మౌంట్ మెట్లమీదా కొన్ని వారాలు అలవాటు చేసుకున్న తర్వాతే నాగలాపురం కొండలకు బయలుదేరడం మంచిది. తిరిగి వచ్చిన ప్రతిసారీ పట్టీలను మంచినీళ్లతో తుడిచి, ఉప్పు పోగొట్టి, సంచి నోరు తెరిచి గాలి తగిలేచోట తగిలించాలి. అటకమీద మాత్రం పెట్టకూడదు.